దక్షిణ పినాకినీ పరీవాహమున వర్షసూచన, వఱదసూచన – ఒక విమర్శ

నందికొండల ప్రాంతమున పుట్టిన మూడు నదులు మూడు త్రోవలు పట్టినవి. ఒకటి ఉత్తరముగా సాగి, అనంతపురము, కడప, నెల్లూరు సీమలను తడిపి సముద్రమును చేరుచున్నది. తెలుగువారు దానిని పెన్న యనియు, ఉత్తర పినాకిని యనియు పిలుతురు. రెండవది పాలాఱు. మూడవది దక్షిణ పినాకిని. ఇది బెంగళూరు ప్రక్కగా దిగి, హొసూరు పీఠభూమిని దాటి, కృష్ణగిరి పల్లమునకు జాఱి, సాత్తనూరు మీదుగా కడలూరు వద్ద సముద్రమున కలియును. తమిళుల కిది తెన్‌పెణ్ణై. దీని నిడివి సుమారు 400 కిలోమీటర్లు. గోదావరీ కృష్ణల ప్రక్కన నిలిపినచో ఇది చిన్న నది. ఏడాదిలో పెక్కు నెలలు ఇసుకతిన్నెయే. అట్టి నది ఒక రాత్రిలో ఊళ్లను ముంచగలదన్న సంగతిని 2024 డిసెంబరు నెల మొదటి దినములు మఱల గుర్తుచేసినవి.

పూర్వము సేలము మండలమును బాలాఘాటము, బారామహలు, తలఘాటము అని మూడు మెట్లుగా చెప్పెడివారు. హొసూరు మొదటి మెట్టు. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్నది. కృష్ణగిరి రెండవ మెట్టు. దాని ఎత్తు సుమారు 500 మీటర్లు. ఈ మెట్ల నడుమ కనుమలు, గుట్టలు, వాగులు, వాని కడ్డముగా కట్టిన చెఱువులు ఉన్నవి. తెలుగు, కన్నడము, తమిళము, ఉర్దూ మాటలాడు జనులు ఇక్కడ కలసి బ్రదుకుచున్నారు. ఈ మెట్లసీమలో వానను ముందుగా చెప్పుట, ఆ వాన తెచ్చు వఱదను ముందుగా చెప్పుట ఒకే పనియా, రెండు పనులా? ఒకే పని యను భావన లోకమున ప్రబలమై యున్నది. ఆ భావన ఎక్కడినుండి వచ్చినదో, దానివలన ఏమి నష్టము కలుగుచున్నదో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

పూర్వుల కొలతలు

వానను కొలువవలెనను బుద్ధి ఈ దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. కౌటిల్యుని అర్థశాస్త్రములో ధాన్యాగారమునొద్ద ఒక అరత్ని వెడల్పు నోరుగల కుండమును వర్షమానముగా నుంచవలెనని విధింపబడినది. ఏ దేశమున ఎన్ని ద్రోణముల వాన కురియునో కూడ అందు కలదు. జాంగల భూములకు 16 ద్రోణములు, నీటిపట్టు దేశములకు అందుకు సగము అధికము, అశ్మకులకు పదమూడున్నర అని లెక్క. అశ్మకము తెలంగాణలోని బోధను ప్రాంతమని చరిత్రకారులు పలువురు తలచుచున్నారు గనుక, తెలుగునేలకు సంబంధించిన మిక్కిలి పాత వర్షప్రమాణములలో ఇది యొకటి యనవచ్చును. ఆ కుండమును ధాన్యాగారమునొద్ద నుంచుట గమనింపదగినది. వానను కొలుచుట పంటను, పంట ద్వారమున రాజభాగమును అంచనా వేయుటకే. ఏటిగట్టున నుండు గుడిసె ఆ లెక్కలో లేదు.

ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘగర్భమును గూర్చి ప్రత్యేకాధ్యాయములు వ్రాసెను. మార్గశిరము మొదలుకొని మేఘములు గర్భము ధరించుననియు, 195 దినములకు ప్రసవించి వర్షించుననియు ఆయన సిద్ధాంతము. దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయుట సులభమే గాని న్యాయము కాదు. ఇన్ని దినములకు ఈ ఫలము కలుగునని అంకెతో చెప్పిన మాట పరీక్షకు నిలుచు మాట. తప్పైనచో తప్పని తేల్చుటకు వీలిచ్చు మాట. తరువాతి కాలపు జోస్యములలో పెక్కింటికి ఆ గుణము లేదు. అయినను సిద్ధాంతము నిలువలేదు. గాలిలోని నీటియావిరి సగటున పది దినములకు మించి నిలువదని నేటి శాస్త్రము కనుగొన్నది. నెలల తరబడి జ్ఞాపకము నిలుపుకొనునది మేఘము కాదు, సముద్రము. ఆయన గర్భమును ఆకసమున వెదకెను. అది కడలిలో నున్నది.

రైతులు నమ్ముకొన్నది కార్తెల లెక్క. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున నుండు పదమూడు పదునాలుగు దినములు ఒక కార్తె. రోహిణిలో ఎండలు, మృగశిరతో తొలకరి, స్వాతి విశాఖలతో వానల వెనుకపట్టు – ఈ వరుస తరతరముల అనుభవసారము. ఇది సగటుల శాస్త్రము. ఏ పక్షమున విత్తవలెనో చెప్పుటకు దీనికి సాటిలేదు. కాని సగటు ఎన్నడును విపరీతమును చెప్పజాలదు. 2024లో ఊత్తంగరైని ముంచిన వాన అనూరాధ కార్తె చివర పడినది. అనూరాధలో దిక్కులేని పైరు కూడ ఈనునని రైతులు చెప్పుకొందురు. అనగా అది కంకి తీయు కార్తె గాని కట్టలు తెగు కార్తె కాదు.

పంచాంగములలో మఱియొక విశేషము కలదు. సంవత్సరఫలము చెప్పుచు, కురియబోవు వానను భాగములుగా విడదీసి, సముద్రముపై ఇన్ని, పర్వతములపై ఇన్ని, భూమిపై ఇన్ని అని పంచుట ఆచారము. ఆ అంకెల ఆధారమును గూర్చి ఎట్టి వాదమున్నను, పర్వతముపై పడు వానను వేఱుగా లెక్కింపవలెనన్న ఊహ సామాన్యమైనది కాదు. లోప మేమనగా, పర్వతభాగము పర్వతముపైననే నిలుచునట్లును, భూమిభాగముతో దానికి పొత్తు లేనట్లును ఆ లెక్క ముగియుచున్నది. కొండమీద పడినది కొంతసేపటికి ఊరిమీద పడును. వఱద యనునది ఆ రెండు భాగముల నడుమనున్న సంగతి. పంచాంగము ఆ గీటువఱకు వచ్చి ఆగిపోయినది.

పరిశీలనాలయముల యుగము

ఆధునిక వాతావరణశాస్త్రము ఈ దేశమున రెండు భయములనుండి పుట్టినది. 1864లో కలకత్తాను తాకిన తుపాను ఓడలను, రేవును నాశనము చేసెను. 1866, 1871 సంవత్సరములలో వానలు తప్పి కఱవు వచ్చెను. ఫలితముగా 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడి, హెన్రీ బ్లాన్‌ఫర్డు దాని కధిపతి యయ్యెను. మఱుసటి యేడే ప్రారంభమైన మహాక్షామము మద్రాసు రాజధానిని కుదిపివేసెను. సేలము మండలము ఆ బాధను పూర్తిగా అనుభవించెను. హిమాలయములపై పడు మంచునకును, తరువాతి వానకాలమునకును గల సంబంధము నాధారముగా గొని బ్లాన్‌ఫర్డు 1880వ దశకమున ఋతుసూచనలు మొదలుపెట్టెను. 1904 మొదలు 1924 వఱకు శాఖను నడిపిన గిల్బర్టు వాకరు ప్రపంచమందలి వాయుపీడనముల లెక్కలను జతపఱచి, పసిఫిక్ సముద్రము మీది ఊగిసలాటను కనుగొనెను. ఆ శోధన లోకమునకు ఈ దేశమునుండి ముట్టిన గొప్ప కానుక.

శాస్త్రము ఎంత మాఱినను ప్రశ్న మాత్రము కౌటిల్యుని కాలపు ప్రశ్నయే. ఈ యేడు పంట పండునా, రేవు నిలుచునా? రైతునకు ఋతువు మొత్తము కావలెను, నావికునకు గాలి వేగము కావలెను. ఈ రెంటికొఱకు పెరిగిన శాస్త్రమును కొండవాగు ప్రక్కనున్న కాపురమునకు అట్లే ఉపయోగింపబోయినచో కొలతలు కుదురవు. కృష్ణగిరి జిల్లా సాలుసరి వర్షపాతము సుమారు 830 మిల్లీమీటర్లు. ఊత్తంగరైలో 2024 డిసెంబరు 2వ తేదీ ఉదయము ఎనిమిదిన్నరకు ముగిసిన ఒక్క దినమున 503 మిల్లీమీటర్లు కురిసినది. అనగా సంవత్సరపు వానలో అయిదింట మూడు వంతులు ఒక దినములో పడినది. ఋతుసూచనలోని ‘సాధారణము’ అను నెమ్మది మాటక్రింద ఇట్టి దినము ఒకటి ముడుచుకొని కూర్చుండవచ్చును.

వఱదసూచనకు వేఱొక చరిత్ర కలదు. స్వాతంత్ర్యానంతరము 1958లో ఢిల్లీవద్ద యమునానదికి కేంద్ర జలసంఘమువారు శాస్త్రీయమైన వఱదసూచనను ఆరంభించిరి. తరువాత ఆ పద్ధతి మహానదులకు వ్యాపించినది. గోదావరికి భద్రాచలమువద్ద 43, 48, 53 అడుగుల మట్టములలో మూడు హెచ్చరికలు ఇచ్చుట తెలుగువారందఱు ఎఱిగినదే. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగుల వఱద వచ్చెను. మహానది నడక నిదానము. ఎగువనున్న మట్టమును చూచి దిగువ ఊరికి గంటల ముందుగా, ఒక్కొక్కప్పుడు దినము ముందుగా, కబురు చెప్పవచ్చును. ఇక్కడ నిజమునకు జరుగుచున్నది భవిష్యత్తును ఊహించుట కాదు, ఎగువ జరిగిపోయిన దానిని దిగువకు నీటికంటె వేగముగా చేర్చుట.

కొండసీమలో ఈ సౌకర్యము లేదు. వాగు పుట్టిన చోటునకును, ఊరికిని నడుమ దూరము కొలది మైళ్లు. కొండపై వాన పడిన రెండు మూడు గంటలలో నీరు వీధిలోనికి వచ్చును. మట్టమును చూచి చెప్పవలెనన్న, చెప్పులోపల మునుగును. వానను చూచి చెప్పవలెను. అంతకంటె, వాన పడకమునుపే చెప్పవలెను. మహానదికి చెల్లిన పద్ధతి చిన్న యేటికి చెల్లకపోవుటకు కారణము ఇదియే.

కొండ పెట్టు చిక్కులు

తడిగాలి కొండవాలు నెక్కినపుడు చల్లబడును. ఆవిరి నిండని గాలి కిలోమీటరునకు సుమారు పది డిగ్రీలు, నిండిన గాలి సుమారు ఆఱు డిగ్రీలు చల్లబడునని భౌతికశాస్త్రము. చల్లబడిన ఆవిరి నీరై కురియును. అందుచే గాలికి ఎదురైన వాలు తడిసి, వెనుకవాలు ఎండియుండును. నైఋతి ఋతుపవనమునకు కృష్ణగిరి పడమటి కనుమల వెనుకవాలు. కనుక ఆ కాలపు వాన మితము. ఈశాన్య ఋతుపవన కాలమున గాలి బంగాళాఖాతమునుండి వచ్చును. అప్పుడు జవ్వాది కొండలు, కల్రాయను కొండలు, చిత్తేరి, సేర్వరాయను కొండలు దాని కెదురుగా నిలుచును. ఊత్తంగరై ఈ కొండల నడిమి సందులో నున్నది. ఒకే సీమలో జూను గాలికి చాటైన నేల నవంబరు గాలికి ఎదురగుచున్నది. ‘జిల్లా సగటు’ అను అంకెకు ఇట్టిచోట ఎంత విలువయుండునో ఊహింపవచ్చును.

వానను దూరమునుండి చూచు రాడారునకును కొండసీమలో కన్ను సరిగా ఆనదు. రాడారు కిరణము నేలను అంటి పోదు. భూమి గుండ్రనిది గనుక దూరము పోయినకొలది ఎత్తునకు లేచును. అర డిగ్రీ వాలున పంపిన కిరణము 200 కిలోమీటర్ల దూరమున నేలకు నాలుగు కిలోమీటర్ల పైన నుండును. చెన్నపట్నమునుండి ఊత్తంగరై సుమారు అంత దూరమే. కొండవాలున నేలకు దగ్గఱగా దట్టమగు వానను ఆ కిరణము పైనుండి దాటిపోవును. నడుమ కొండ అడ్డువచ్చినచో చూపు అంతయును పోవును. కాబట్టి తెరపై లేత రంగు కనబడినపుడు అక్కడ చిఱుజల్లు పడుచున్నదని నమ్ముట ప్రమాదకరము.

గణనయంత్రముల నమూనాలు ఆకాశమును గళ్లుగా విభజించి లెక్కించును. 2025 మే నెలలో ఆరంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమునకు గడి ఆఱు కిలోమీటర్లు. అంతకుముందు వాడుకలోనున్నది పండ్రెండు కిలోమీటర్లు. ఇది నిస్సంశయముగా ముందడుగు. కాని ఆఱు కిలోమీటర్ల గడిలో ఒక గుట్ట, ఒక లోయ, రెండు చెఱువులు ఇమిడిపోవును. యంత్రము వానిని సగటు చేసి ఒక నేలగా చూచును. వాగు మాత్రము సగటు నేలపై పాఱదు.

ఫెంగల్ తుపాను చెప్పిన సంగతులు

2024 నవంబరు చివర బంగాళాఖాతమునందలి వాయుగుండము వాతావరణశాఖను తికమకపెట్టినది. అది తుపానుగా మాఱదని 28వ తేదీన భావించిరి. 29న అది ఫెంగల్ అను పేర తుపానుగా మాఱినది. 30వ తేదీ రాత్రి పుదుచ్చేరివద్ద తీరమును దాటినది. దాటిన పిమ్మట వడివడిగా లోపలికి పోవలసినది అక్కడనే దాదాపు కదలక నిలిచినది. డిసెంబరు 1 ఉదయమునకు విళుప్పురము జిల్లా మైలములో 51 సెంటీమీటర్ల వాన నమోదయ్యెను. తుపాను బలహీనపడి వాయుగుండమైనది. ఆ బలహీనపడిన తరువాతనే, మఱునాటి ఉదయమునకు, తీరమునకు దూరముగా కొండల నడుమనున్న ఊత్తంగరైలో 50 సెంటీమీటర్లు పడినది. చెఱువు పొంగి, బస్సునిలయము దాపున నిలిపిన వాహనములు కొట్టుకొనిపోయినవి. అంతకుముందే తిరువణ్ణామలై కొండవాలున చరియ విఱిగి ఏడుగురు మరణించిరి. సాత్తనూరు జలాశయమునుండి 2వ తేదీ తెల్లవారుజామున 1,68,000 క్యూసెక్కుల నీరు వదలబడినది. విళుప్పురము, కడలూరు జిల్లాలలో నదీతీర గ్రామములు మునిగినవి.

ఇందులో మొదట విమర్శింపవలసినది ‘బలహీనపడినది’ అను మాట. తుపానుల తరగతులు గాలివేగమునుబట్టి ఏర్పడినవి. అది నావికుని కొలత. గాలి తగ్గినచో తరగతి తగ్గును. తరగతి తగ్గినచో అపాయము తగ్గినదని జనము తలంతురు. కాని నీటివిషయమున అపాయమును నిర్ణయించునది వేగము కాదు, నిలకడ. కదలని వాయుగుండము కదలు తుపానుకంటె కొండసీమకు ప్రమాదకరము. ఓడకొఱకు చేసిన తరాజులో కొండను తూచిరి.

రెండవది అంకెల లెక్క. ఒక చదరపు కిలోమీటరుపై 503 మిల్లీమీటర్ల వాన పడినచో 5 లక్షల ఘనపు మీటర్లకు మించిన నీరు. అది ఇంకక, దినమంతయు సమముగా పాఱినదనుకొన్నను, చదరపు కిలోమీటరునకు సుమారు 205 క్యూసెక్కులు. నూఱు చదరపు కిలోమీటర్ల చిన్న పరీవాహమునుండి 20,000 క్యూసెక్కులకు పైమాట. వాన సమముగా పడదు. నడిరేయి మూడు నాలుగు గంటలలో దాని ఉద్ధృతి ఇంకను హెచ్చు. ఈ గుణకారము చేయుటకు పాఠశాల బాలునకైనను కష్టము లేదు. వాన అంకె తెలిసినపుడు ఆ గుణకారమును ప్రతి వాగునకు ముందే చేసియుంచకపోవుట శాస్త్రలోపము కాదు, శ్రద్ధాలోపము.

మూడవది జలాశయమును గూర్చిన భ్రమ. 1958లో పూర్తియైన సాత్తనూరు జలాశయము 119 అడుగుల మట్టమున సుమారు 7.3 శతకోటి ఘనపుటడుగుల నీటిని పట్టును. 1,68,000 క్యూసెక్కుల ప్రవాహమునకు ఆ జలాశయము పూర్తిగా ఖాళీగా నున్నను పండ్రెండు గంటలలో నిండును. ఈశాన్య ఋతువు చివర, వేసవి అవసరములకై నింపియుంచిన జలాశయమునకు ఆ పండ్రెండు గంటలైనను ఉండవు. నీరు వదలుటకు ముందు హెచ్చరికలు ఇచ్చితిమని ప్రభుత్వమును, చాలలేదని ప్రతిపక్షమును వాదించుకొనిరి. ఆ వాదమున ఇరువురును ఒక ప్రశ్నను దాటిపోయిరి. తలుపు లెత్తుట ఎప్పుడు నిశ్చయింపబడవలెను? నీరు జలాశయమును చేరిన పిమ్మటనా, ఎగువ కొండలపై వాన సూచింపబడిన వెంటనేనా? వర్షసూచనకు నిజమైన విలువ వచ్చునది ఈ రెండవ మార్గముననే. సూచన నమ్మి జలాశయమును ముందుగా కొంత ఖాళీచేయు అధికారి, వాన రానిచో నీరు పోగొట్టెనన్న నింద మోయవలెను. ఆ నిందనుండి అతనిని కాపాడు నియమము లేనంతకాలము మంచి సూచన కూడ కాగితముపైననే నిలుచును.

ఉత్తర పినాకిని సాక్ష్యము

మూడు సంవత్సరముల ముందు, 2021 నవంబరు 19వ తేదీన, అక్కనదియైన ఉత్తర పినాకిని పరీవాహమున ఇదే కథ జరిగినది. పెన్నకు ఉపనదియైన చెయ్యేఱుపై రాజంపేటకు ఎగువనున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, పులపతూరు మున్నగు గ్రామములు కొట్టుకొనిపోయి, అనేకులు ప్రాణములు కోల్పోయిరి. అప్పుడును బంగాళాఖాతపు వాయుగుండమే, అప్పుడును తూర్పు కొండలే, అప్పుడును తెల్లవారుజామే. ఎగువనున్న పింఛ జలాశయపు కట్ట ముందుగా తెగి, ఆ నీరంతయు దిగువ ప్రాజెక్టుపై పడినది. వాన మోసినది కొంత, తెగిన కట్ట మోసినది కొంత.

కొండసీమ వఱదలలో కట్టల పాత్ర క్రొత్తది కాదు. 1903 నవంబరులో పాలాఱు వఱద వాణియంబాడిని ధ్వంసము చేసినపుడు ఎగువ మైసూరు సీమలోని పెద్దచెఱువులు తెగుటయే కారణము. 1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదును ముంచినపుడు కూడ ఎగువ చెఱువులు వరుసగా తెగినవి. ఆ వఱదను విచారించుటకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నందికొండల దాపున ముద్దెనహళ్లిలో పుట్టినవాడు. దక్షిణ పినాకిని పుట్టిన సీమయే ఆయన సీమ. ఆయన వాన అంకెలతో తృప్తిపడక, పరీవాహములోని చెఱువులను లెక్కించి, తెగినవానిని గుర్తించి, నగరమునకు ఎగువ జలాశయములు కట్టవలెనని నిర్ణయించెను. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు ఆ నిర్ణయఫలములు. వఱద అనునది ఆకాశవిషయము మాత్రమే కాదు, నేలమీది కట్టడముల విషయమనియు ఆయన నూఱేండ్లకు ముందే గ్రహించెను.

కృష్ణగిరి జలాశయమునకు 2017 నవంబరులో ఒక తలుపు దెబ్బతిని నీరు వెడలిపోయినది. ఆనాడు పెనువఱద లేదు. పెనువఱద దినమున అట్లు జరిగినచో ఏ వాతావరణ నమూనాయును దానిని ముందుగా చెప్పజాలదు. కాబట్టి తలుపుల స్థితి, కట్టల స్థితి, అలుగుల స్థితి సూచనలో భాగములు కావలెను. ఎన్ని చెఱువులు నిండియున్నవో తెలియని వఱదసూచన సగము సూచన. నదికి ఎగువ కర్ణాటకము, దిగువ తమిళనాడు. బెంగళూరు విస్తరించి నేలను సిమెంటుతో కప్పినకొలది ఇంకుడు తగ్గి పాఱుడు హెచ్చును. మార్కండేయనదిపై కట్టిన ఆనకట్టను గూర్చి రెండు రాష్ట్రములు 2019లో సర్వోన్నత న్యాయస్థానమువఱకు వెళ్లినవి. కరవునాడు పంచుకొను నీటికై వాదించుకొనుట సహజమే. వఱదనాడు పంచుకొనవలసినది నీరు కాదు, కబురు. దానికి వాదము అక్కఱలేదు.

సూచన భాష

చివర విచారింపదగినది సూచన పలుకు తీరు. దినమునకు 64.5 మిల్లీమీటర్లు దాటినచో భారీవర్షము, 115.6 దాటినచో అతి భారీవర్షము, 204.5 దాటినచో అత్యంత భారీవర్షము అని శాఖ తరగతులు. చివరి తరగతికి పైకప్పు లేదు. 205 మిల్లీమీటర్లును, 503 మిల్లీమీటర్లును ఒకే మాటలో ఇముడును. మొదటిది వీధిని తడుపును, రెండవది ఊరిని తుడుచును. ఈ రెంటికి ఒకే ఎఱ్ఱరంగు వేసినచో ఆ రంగునకు అర్థము చెడును. ‘అక్కడక్కడ’ అను మాటయు అట్టిదే. శాఖ పరిభాషలో అది సీమలోని కేంద్రములలో నాలుగింట ఒక వంతునకు మించని చోట్లు. వినువాడు మాత్రము దానిని ‘ఇక్కడ కాదు’ అని అర్థము చేసికొనును.

‘లక్ష క్యూసెక్కులు వదలబడినవి’ అను మాట ఇంజనీరునకు అర్థవంతము. ఏటిగట్టు రైతునకు కావలసినది: నీరు అమ్మవారి గుడి మెట్టునకు వచ్చునా, పాఠశాల అరుగునకు వచ్చునా, ఎన్ని గంటలకు వచ్చును? పూర్వము చెఱువునకు నీరుగంటి యుండెడివాడు. తూము ఎంత తెఱచినచో ఎవరి మడి తడియునో, అలుగు ఎంత ఎత్తున పాఱినచో ఏ వీధి మునుగునో అతనికి తెలియును. అతని శాస్త్రము ఒక చెఱువునకు పరిమితము. కాని ఆ చెఱువు విషయమున అది పూర్ణము. నేటి శాస్త్రము విశ్వవ్యాప్తము. కాని ఏ ఒక్క చెఱువు విషయముననైనను అపూర్ణము. ఈ రెంటికి సంధి కుదుర్చుటయే కావలసిన పని. ఆ కబురు తెలుగిండ్లకు తెలుగున, కన్నడిగుల యిండ్లకు కన్నడమున, తమిళుల యిండ్లకు తమిళమున, ఉర్దూ ఇండ్లకు ఉర్దూన పోవలెను. నడిరేయి నిద్రలేచినవానికి పరభాషను విప్పుకొను తీరిక యుండదు.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. ప్రతి వాగునకు హెచ్చరిక ఇచ్చినచో పెక్కు తప్పిపోవును. తప్పిన హెచ్చరికలవలన నమ్మకము చెడును. ఆక్షేపణ బలమైనదే. నాయనా పులి యని కేకవేసిన బాలుని కథ అందఱికి తెలిసినదే. కాని దానికి మందు మౌనము కాదు. ఏ తాలూకాలో ఎన్ని హెచ్చరికలు ఫలించినవి, ఎన్ని వమ్మైనవి, ఎన్ని వఱదలు హెచ్చరిక లేక వచ్చినవి అను లెక్కను ఏటేట ప్రకటించుటయే మందు. తన తప్పులను తానే లెక్కించి చూపు శాస్త్రమును జనము విడువరు. అప్పుడు పదింట ఆఱు పాళ్లు అవకాశమున్నదని చెప్పినను, రైతు తన పశువులను మిట్టకు తోలుకొనును. ఒక రాత్రి శ్రమ వృథా యగుట అతనికి పెద్దనష్టము కాదు.

ఫలితార్థము

వర్షసూచన ధాన్యాగారపు గుమ్మమున పుట్టి, రేవుపట్టణమున పెరిగినది. కొండవాగు ఒడ్డునకు అది ఇంకను పూర్తిగా రాలేదు. పూర్వులు వానను భాగములుగా పంచి పర్వతభాగమును వేఱుగా చూపిరి. ఆధునికులు ఆ భాగమును మిల్లీమీటర్లలో కొలిచిరి. ఆ భాగము క్రిందికి దిగు మార్గమును మాత్రము ఇరువురును అలక్ష్యము చేసిరి. ఆ మార్గమున చెఱువుకట్ట, అలుగు, జలాశయపు తలుపు, రాష్ట్రపు ఎల్ల, ఊరి భాష వరుసగా నిలిచియున్నవి. వీనిలో ఏ యొక్కటి తప్పినను ఆకాశమును ఎంత చక్కగా చదివినను ఫలము లేదు.

ఊత్తంగరై వానను ‘అపూర్వము’ అని అనేకులు వర్ణించిరి. అపూర్వ మనిన మాట బాధ్యతనుండి తప్పించుకొనుటకు సులభమైన త్రోవ. 1903లో పాలాఱు, 1908లో మూసీ, 2021లో చెయ్యేఱు, 2024లో దక్షిణ పినాకిని – ఇన్ని పూర్వములుండగా అది అపూర్వ మెట్లగును? కార్తెలు మఱల వచ్చును. అనూరాధయు మఱల వచ్చును. ఆనాటికి ప్రతి చెఱువుకట్టపై ఒక వానకుండము, ప్రతి వాగుమలుపున ఒక మట్టపుగీటు, ఆ గీటు అర్థమును ఇంటిభాషలో చెప్పగల ఒక మనిషి యున్నచో, చాలినంత శాస్త్రము ఇప్పటికే చేతనున్నది.